బ్రైట్‌నెస్ టెంపరేచర్ నుంచి ఓఎల్‌ఆర్: లెక్కలో 400 వాట్లు ఎందుకొస్తున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. భూస్థిర ఉపగ్రహం ఇచ్చే 11 మైక్రాన్ల పరారుణ ఛానల్ నుంచి బ్రైట్‌నెస్ టెంపరేచర్ (ఆ తరంగదైర్ఘ్యంలో అందిన వికిరణానికి సరిపడే ఉష్ణోగ్రత) తీసుకుని, ఉష్ణోగ్రత నుంచి వెలువడే శక్తిని లెక్కగట్టే స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో పెట్టారు. మేఘాల్లేని వెచ్చని సముద్రం మీద, 290 కెల్విన్‌కు, చదరపు మీటరుకు 400 వాట్లు వచ్చింది. పుస్తకాల్లో మాత్రం భూమి బయటికి పంపే దీర్ఘతరంగ వికిరణం, అంటే ఓఎల్‌ఆర్, సగటున 240 అని ఉంది. తప్పు కాలిబ్రేషన్‌లో ఉందా, సూత్రంలో ఉందా, అసలు ఒక్క ఛానల్‌తో ఓఎల్‌ఆర్ తీయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. తీయొచ్చు, కానీ ఇలా కాదు. మీ కాలిబ్రేషన్‌లో లోపం కనిపించడం లేదు, సూత్రమూ సరైనదే. ఆ సూత్రానికి ఇవ్వాల్సిన ఉష్ణోగ్రత వేరు. 11 మైక్రాన్ల దగ్గర కనిపించే ఉష్ణోగ్రత స్పెక్ట్రం మొత్తానికి వర్తించదు. దాన్ని ముందు ఫ్లక్స్ ఉష్ణోగ్రతగా, అంటే అన్ని తరంగదైర్ఘ్యాల్లో అన్ని దిశల్లోకీ పోయే మొత్తం శక్తికి (ఫ్లక్స్‌కు) సరిపడే ఉష్ణోగ్రతగా మార్చుకోవాలి. మారిస్తే మీ 400 కాస్తా 270 దరిదాపుల్లోకి దిగుతుంది. (ఇక్కడి నుంచి 'వాట్లు' అని రాసిన ప్రతిచోటా చదరపు మీటరుకు వాట్లు అని చదువుకోండి.)

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పే మాట ఒకటుంది. ఓఎల్‌ఆర్‌ను ఏ ఉపగ్రహమూ నేరుగా కొలవదు. ఉపగ్రహానికి మామూలుగా అందేది ఒక దిశ నుంచి, కొన్ని తరంగదైర్ఘ్యాల్లో, ఒక క్షణాన వచ్చే రేడియన్స్ (ఆ దిశలోని వికిరణ తీవ్రత). మనకు కావలసింది అన్ని దిశల్లోకీ, సుమారు 4 మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్ల దాకా, రోజు పొడుగునా పోయే శక్తి. ఈ రెంటి మధ్య మూడు ఖాళీలున్నాయి: స్పెక్ట్రం, దిశ, సమయం. ఈ మూడింటినీ ఏదో ఒక అంచనాతో పూడ్చక తప్పదు. ఏ డేటాసెట్ చూసినా ఈ మూడింటిని ఎలా పూడ్చారో అడగండి. దాని బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. మీ లెక్కలో కనబడ్డ 130 వాట్ల తేడా దాదాపు అంతా మొదటి ఖాళీదే కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

11 మైక్రాన్ల ఛానల్‌ను అక్కడ పెట్టిందే వాతావరణాన్ని దాటి కిందికి చూడటానికి. 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య, 9.6 దగ్గరున్న ఓజోన్ పట్టీని పక్కన పెడితే, గాలి చాలావరకు పారదర్శకంగా ఉంటుంది. అందుకే ఆ ఛానల్‌కి కనిపించేది సముద్ర ఉపరితలం, లేదా మేఘం నెత్తి. మిగతా తరంగదైర్ఘ్యాల్లో పరిస్థితి అలా ఉండదు. 15 మైక్రాన్ల చుట్టూ కార్బన్ డయాక్సైడ్ అడ్డం పడుతుంది. 6.3 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి, 17 మైక్రాన్లు దాటాక మళ్లీ నీటి ఆవిరే. అక్కడ ఉపరితలం పంపిన వికిరణం పైకి చేరదు. అంతరిక్షంలోకి వెళ్లేది కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఉన్న చల్లని పొరలు పంపిందే. 240 వాట్లకు సరిపడే బ్లాక్‌బాడీ (వికిరణాన్ని పూర్తిగా వెలువరించే ఆదర్శ వస్తువు) ఉష్ణోగ్రత 255 కెల్విన్. భూమి ఉపరితల సగటు మాత్రం 288 కెల్విన్ దగ్గర ఉంది, అది పైకి పంపేది 400 వాట్లకు కాస్త తక్కువ. ఈ రెంటి మధ్య తేడాయే గ్రీన్‌హౌస్ ప్రభావం. మీరు 290 కెల్విన్‌ను నేరుగా సూత్రంలో పెట్టి 400 తెచ్చుకున్నారంటే ఉపరితలం పైకి పంపే వికిరణాన్ని లెక్కగట్టారన్నమాట. వాతావరణం పైఅంచు దాటేది అది కాదు.

మార్చే పద్ధతి పాతదే, ఇప్పటికీ పనికొస్తుంది. 1984లో ఓరింగ్, గ్రూబర్, ఎలింగ్‌సన్ నింబస్-7 ఉపగ్రహం కొలతలతో స్థిరపరిచిన రూపం ఇది. వాడుకలో ఎక్కువగా కనిపించే గుణకాలతో రాస్తున్నాను:

ఫ్లక్స్ ఉష్ణోగ్రత = బ్రైట్‌నెస్ టెంపరేచర్ × (1.228 − 0.001106 × బ్రైట్‌నెస్ టెంపరేచర్)

వచ్చిన దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తి 5.67 × 10⁻⁸తో గుణించండి. 290 కెల్విన్‌కు ఫ్లక్స్ ఉష్ణోగ్రత 263.1 వస్తుంది, ఓఎల్‌ఆర్ 272 వాట్లు. 250 కెల్విన్‌కు 237.9, అంటే 182 వాట్లు; నేరుగా పెడితే 221 వచ్చేది. 200 కెల్విన్‌కు 201.4, అంటే 93 వాట్లు. నేరుగా పెట్టినా 91. ఈ మూడు వరసలనూ కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి. చల్లని మేఘం దగ్గరికి వచ్చేసరికి దిద్దుబాటు దాదాపు మాయమైపోయింది. 200 కెల్విన్ అంటే ట్రోపోపాజ్ (మేఘాలుండే కింది వాతావరణ పొర పైహద్దు) దగ్గరిదాకా ఎదిగిన ఉరుముల మేఘం నెత్తి. దానిమీద మిగిలిన గాలి కొంచెమే, అందులో తేమ మరీ కొంచెం. అడ్డుకునేది లేదు కాబట్టి 11 మైక్రాన్ల దగ్గర కనిపించిందే మిగతా స్పెక్ట్రంలోనూ చాలావరకు కనిపిస్తుంది. వెచ్చని సముద్రం మీద వాతావరణం మొత్తం అడ్డంగా ఉంది కనుక అక్కడ దిద్దుబాటు పెద్దది. ఒక వర్గ సమీకరణంలో ఇంత భౌతికశాస్త్రం ఇమిడిపోయినందుకే ఈ పద్ధతి అంటే నాకు గౌరవం.

ఇక్కడే ఒక హెచ్చరిక. ముందు మార్చండి, తర్వాత సగటు చేయండి. గ్రిడ్ గడిలో సగం పిక్సెళ్లు 290, సగం 200 కెల్విన్ అనుకుందాం. ఒక్కొక్కటిగా మార్చి సగటు తీస్తే 182 వాట్లు. ఉష్ణోగ్రతలనే ముందు సగటు చేసి, 245 కెల్విన్‌ను మారిస్తే 171. సంబంధం వంపు తిరిగినది కావడం వల్ల 11 వాట్లు పోయాయి. చెల్లాచెదురు మేఘాలున్న చోట ఇది ప్రతి గడిలోనూ జరుగుతుంది. ఫైలు సైజు తగ్గించుకోవడానికి ముందుగానే సగటు చేసిన బ్రైట్‌నెస్ టెంపరేచర్ వాడేవాళ్లు ఈ పొరపాటును గమనించరు, ఎందుకంటే మ్యాపు చూడ్డానికి అందంగానే ఉంటుంది.

ఒక్క ఛానల్ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. కింద ఒకే 290 కెల్విన్ సముద్రం ఉన్న రెండు చోట్లు తీసుకోండి. ఒకచోట గాలి పైనుంచి దిగుతూ, 5 నుంచి 10 కిలోమీటర్ల ఎత్తులో ఎండిపోయి ఉంది. రెండోచోట పక్కనే ఉన్న మేఘాల నుంచి తేమ పైపొరల్లో పరుచుకుని ఉంది. 11 మైక్రాన్ల ఛానల్‌కు ఈ తేడా దాదాపు తెలియదు. ఓఎల్‌ఆర్‌కు మాత్రం బాగా తెలుస్తుంది, పొడిగా ఉన్నచోట వికిరణం మరింత లోతైన, వెచ్చని పొరల నుంచి తప్పించుకుంటుంది. సూత్రం సగటు తేమకు అమర్చినది కాబట్టి పొడి ఉపోష్ణ మండలంలో తక్కువ చూపిస్తుంది, తేమగా ఉన్నచోట ఎక్కువ చూపిస్తుంది. ఒక్కో క్షణానికి పది వాట్లకు పైన తేడా రావడం మామూలే. నేను భూస్థిర ఉపగ్రహాల అంచనాలను బ్రాడ్‌బ్యాండ్ (అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలిపి తీసిన) కొలతలతో పోల్చిన ప్రతిసారీ తేడాల మ్యాపు దాదాపు పైపొర తేమ మ్యాపులాగే బయటపడింది.

దీనికి మందు మీ ఉపగ్రహంలోనే ఉంది. 6.7 మైక్రాన్ల దగ్గర నీటి ఆవిరి ఛానల్‌ను కూడా సమీకరణంలోకి తెండి. అది పైపొర తేమనే చూస్తుంది. 12 మైక్రాన్ల ఛానల్ కూడా ఉంటే కింది పొరల తేమ గురించి కొంత చెప్తుంది. 1989లో ఎలింగ్‌సన్ బృందం హిర్స్ పరికరం ఛానళ్లతో చేసింది ఇదే. ఆ దారిలో పొరపాటు ఐదు వాట్ల దరిదాపులకు దిగుతుంది.

ఒక ప్రశ్న మీకు రావాలి. ఓఎల్‌ఆర్‌లో దాదాపు సగం 15 మైక్రాన్లు దాటిన దూర పరారుణ ప్రాంతంలో పోతుంది. అక్కడ మీ ఉపగ్రహానికి ఛానలే లేదు. వేల ఛానళ్లున్న ఎయిర్స్, ఐయాసీ పరికరాలు కూడా 15.5 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతాయి. మరి రిగ్రెషన్, అంటే కొలతలకు గుణకాలు అమర్చే ఈ పద్ధతి, ఎలా పనిచేస్తోంది? 6.7 మైక్రాన్ల దగ్గర వికిరణాన్ని అడ్డుకునే పైపొర తేమే దూర పరారుణంలోనూ అడ్డుకుంటుంది. ఒకటి తెలిస్తే రెండోది చాలావరకు ఊహించవచ్చు. ఈ బంధం ఉష్ణమండలంలో గట్టిది. ధ్రువాల దగ్గర గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మామూలుగా మూసుకుపోయి ఉండే 20 మైక్రాన్ల పరిసరాలు అక్కడ కొంత తెరుచుకుంటాయి, ఉపరితలం ఆ సందులోంచి కనిపించడం మొదలవుతుంది. ఉష్ణమండలంలో అమర్చిన గుణకాలను అక్కడికి తీసుకెళ్తే నిలబడవు. ఈ లోటు కోసమే 2024లో ప్రిఫైర్ అనే రెండు చిన్న ఉపగ్రహాలను 50 మైక్రాన్లు దాటేదాకా చూసే పరికరాలతో ధ్రువ కక్ష్యల్లోకి పంపారు. వాటి కొలతల కోసం నేను ఎంతో ఆసక్తిగా ఎదురుచూసినవాణ్ణి.

స్పెక్ట్రం ఖాళీని పూడ్చే ఇంకో దారి, ఛానళ్ల గొడవ లేకుండా అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలిపి ఒకే డిటెక్టర్ మీద పడనివ్వడం. మొదటి నుంచీ ఉన్న దారి ఇదే. 1959లో ఎక్స్‌ప్లోరర్-7 మీద వెర్నర్ సుయోమీ పంపిన రేడియోమీటర్లు ఈ రకమే. 1984లో చాలెంజర్ షటిల్ నుంచి వదిలిన ఈఆర్‌బీఎస్ ఉపగ్రహం మీది పరికరాలు, ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ మీది స్కరాబ్, మీటియోశాట్ మీది గెర్బ్, అన్నీ ఈ కుటుంబమే. ఇప్పుడు ప్రమాణంగా నిలిచింది నాసా వాళ్ల సెరీస్ పరికరం. 1997లో టీఆర్‌ఎమ్‌ఎమ్ మీద మొదలై టెర్రా, ఆక్వా, సుయోమీ ఎన్‌పీపీ, నోవా-20 ఉపగ్రహాల మీద కొనసాగింది.

సెరీస్ విషయంలో ఒక సూక్ష్మం చాలామందికి తెలియదు. టెర్రా, ఆక్వా మీది పరికరాల్లో దీర్ఘతరంగానికి విడిగా ఛానల్ లేదు. 0.3 నుంచి 200 మైక్రాన్ల దాకా అన్నిటినీ తీసుకునే మొత్తం ఛానల్ ఒకటి, 0.3 నుంచి 5 మైక్రాన్ల హ్రస్వతరంగ ఛానల్ ఒకటి, 8 నుంచి 12 మైక్రాన్ల విండో ఛానల్ ఒకటి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి మొత్తం ఛానలే దీర్ఘతరంగం. పగలు మాత్రం మొత్తంలోంచి హ్రస్వతరంగాన్ని తీసేస్తే మిగిలేది దీర్ఘతరంగం. అంటే పగటి ఓఎల్‌ఆర్ ఒక తీసివేత ఫలితం. హ్రస్వతరంగ ఛానల్ అద్దాల మీద కాలక్రమేణా మసక పేరుకుంటే ఆ పొరపాటు పగటి ఓఎల్‌ఆర్‌లోకి పాకుతుంది, రాత్రి ఓఎల్‌ఆర్ చెక్కుచెదరదు. అందుకే పగలు-రాత్రి తేడా ఏళ్ల తరబడి ఎటైనా జరుగుతోందంటే నేను ముందు వాతావరణాన్ని కాక పరికరాన్ని అనుమానిస్తాను. నోవా-20 మీది పరికరంలో విండో ఛానల్ స్థానంలో దీర్ఘతరంగ ఛానల్‌నే పెట్టారు.

ఇక దిశ సంగతి. అన్ని దిశల్లోనూ రేడియన్స్ ఒకేలా ఉంటే దాన్ని 3.1416తో గుణిస్తే ఫ్లక్స్ వచ్చేసేది. అలా ఉండదు. ఏటవాలుగా చూసినప్పుడు చూపు ఎక్కువ గాలిలోంచి ప్రయాణిస్తుంది, అందుకే కనిపించేది పైనున్న చల్లని పొరలు. కాబట్టి నిట్టనిలువుగా చూసినప్పుడు రేడియన్స్ ఎక్కువ, అంచుల వైపు తక్కువ. మేఘాల్లేని ఉష్ణమండలంలో నిలువు చూపును అన్ని దిశలకూ వర్తింపజేస్తే ఐదారు శాతం ఎక్కువ వస్తుంది, అంటే పది వాట్ల పైమాటే. నిలువు నుంచి 53 డిగ్రీలు పక్కకు వంగిన చూపు దగ్గర మాత్రం ఈ పొరపాటు దాదాపు సున్నా, అక్కడి రేడియన్స్ అర్ధగోళ సగటుకు దగ్గరగా ఉంటుంది. మీ పద్ధతిని పరీక్షించాలనుకుంటే ముందు 50 నుంచి 56 డిగ్రీల మధ్య ఉన్న పిక్సెళ్లు మాత్రమే ఏరుకోండి. అక్కడ కూడా తేడా మిగిలితే అది కోణానిది కాదు, స్పెక్ట్రానిది. రెండు పొరపాట్లను విడదీయడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం నాకు దొరకలేదు.

సెరీస్ వాళ్లు కోణీయ నమూనాలను కొలతల నుంచే కట్టారు. స్కానర్ ఊగుతూనే తన అక్షం మీద తిరిగేలా చేసి, ఒకే రకం దృశ్యాన్ని అన్ని కోణాల నుంచీ సేకరించారు. దృశ్యం ఏమిటో చెప్పడానికి పక్కనే ఉన్న మోడిస్ ఇమేజర్: కింద నేలా నీరా, మేఘం ఎంత, ఎంత ఎత్తున, గాలిలో తేమ ఎంత. ఆ వర్గీకరణ బట్టి గుణకం మారుతుంది. పలచని సిర్రస్ (చాలా ఎత్తున ఉండే మంచు మేఘం) ఉన్నచోట కోణంతో వచ్చే మార్పు అన్నిటికంటే ఎక్కువ. ఏటవాలుగా చూస్తే అదే మేఘం దట్టంగా అనిపిస్తుంది.

మీది భూస్థిర ఉపగ్రహం కాబట్టి మీకు కోణం బెడద వేరే రూపంలో వస్తుంది. ధ్రువ కక్ష్య ఉపగ్రహం ఒక ప్రదేశాన్ని ఒకరోజు నిలువుగా, ఇంకోరోజు పక్క నుంచి చూస్తుంది. నెల తిరిగేసరికి కోణం తప్పులు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. భూస్థిర ఉపగ్రహం ఒక ప్రదేశాన్ని ఎప్పటికీ ఒకే కోణం నుంచి చూస్తుంది. ఎంత సగటు చేసినా ఆ తప్పు కరగదు, మ్యాపు మీద మచ్చలా స్థిరపడిపోతుంది. ఉపగ్రహం కింది బిందువు చుట్టూ వలయాలుగా ఏ నమూనా కనిపించినా దాన్ని శీతోష్ణస్థితి అనుకోకండి. 65, 70 డిగ్రీలు దాటిన పిక్సెళ్లను వదిలేయడమే మంచిది.

సమయం ఖాళీ మీకు దాదాపు లేదు, అర్ధగంటకో పావుగంటకో ఒక చిత్రం వస్తుంది. కాబట్టి ఇక్కడ క్లుప్తంగా వెళ్తాను. టెర్రా మొదట పగలు 10:30కు, ఆక్వా 1:30కు భూమధ్యరేఖ దాటేలా పెట్టారు, రాత్రి కూడా అవే గంటలకు. ఎడారిలో ఓఎల్‌ఆర్ ఒకే రోజులో 50 వాట్లకు పైగా ఊగుతుంది, సముద్రం మీద కొద్ది వాట్లే. నేల మీద సాయంత్రం ఎదిగే ఉరుముల మేఘాలను ఆ గంటలు పట్టుకోలేవు. అందుకే సెరీస్ వాళ్లు మధ్య గంటలను భూస్థిర ఉపగ్రహాల సాయంతోనే నింపుతారు. మీరు చేస్తున్న లెక్కే, వాళ్ల బ్రాడ్‌బ్యాండ్ కొలతకు కట్టేసి.

ధ్రువ కక్ష్య ఉపగ్రహాలు దాటే గంట ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంది. అమెరికా వాతావరణ సంస్థ నోవా పంపిన మధ్యాహ్నపు ఉపగ్రహాలు గంటలకు గంటలు ఆలస్యమయ్యాయి. 1974 నుంచి ఉన్న నోవా ఓఎల్‌ఆర్ వరస చాలా విలువైనదే (1978లో కొన్ని నెలలు లేవు), కానీ అందులో నేల మీది ధోరణిని చూపించి ఎవరైనా ఉత్సాహంగా వస్తే, ఉపగ్రహాలు మారిన తేదీలను ఆ గ్రాఫ్ మీద గీయమంటాను. మెట్లు ఆ గీతల దగ్గరే పడుతుంటాయి.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం. 240 అనే సంఖ్యను ఎంతవరకు నమ్మాలి?

సెరీస్ దీర్ఘతరంగ కాలిబ్రేషన్ అనిశ్చితి అర శాతం దరిదాపు, అంటే 240లో 1.2 వాట్లు. హ్రస్వతరంగానికి ఒక శాతం. భూమికి సూర్యుడి నుంచి అందేది సగటున 340 వాట్లు. ప్రతిఫలించి పోయేది దాదాపు 99, ఓఎల్‌ఆర్‌గా పోయేది 240. మిగిలేది ఒక వాటు లోపు. భూమి వేడెక్కుతున్నది ఆ మిగులుతోనే. పరికరం అనిశ్చితి కంటే మనం వెతుకుతున్న మిగులు చిన్నది. కనుక ఉపగ్రహ కొలతలను మాత్రమే కూడి తీసివేస్తే వచ్చే మిగులు కొన్ని వాట్లు ఉంటుంది, అది నమ్మదగినది కాదు. ఈబాఫ్ అనే సెరీస్ డేటాసెట్‌లో అందుకే దీర్ఘ, హ్రస్వతరంగ ఫ్లక్స్‌లను వాటి అనిశ్చితి హద్దుల్లోనే సర్ది, 2005 జూలై నుంచి 2015 జూన్ దాకా మిగులు 0.71 వాట్లు ఉండేలా చేశారు. ఆ 0.71 ప్రధానంగా సముద్రాల్లో తేలే ఆర్గో పరికరాలు కొలిచిన వేడి లెక్క నుంచి వచ్చింది. ఈబాఫ్ సగటు మిగులును చూపించి 'ఉపగ్రహం స్వతంత్రంగా కొలిచింది' అని రాయకూడదు.

మార్పుల విషయం వేరు. పరికరం నిలకడ దాని ఖచ్చితత్వం కంటే ఎంతో మెరుగు. అన్ని ఏళ్లకూ ఒకే సర్దుబాటు చేసినా సంవత్సరానికీ సంవత్సరానికీ మధ్య తేడా మారదు. 2005 మధ్య నుంచి 2019 మధ్య దాకా మిగులు దశాబ్దానికి 0.5 వాట్ల చొప్పున పెరిగిందని సెరీస్ చెప్పింది, సముద్రంలోని కొలతలు విడిగా 0.43 అని చెప్పాయి. ఒకటి అంతరిక్షం నుంచి చూసింది, ఇంకోటి నీళ్లలో మునిగి చూసింది. ఇద్దరు సాక్షులు ఒకరినొకరు కలవకుండా ఒకే మాట చెప్పడం లాంటిది ఇది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కదిలించిన ఫలితం ఇదే.

నిలకడ ఎంత సున్నితమో తెలియాలంటే ఈఆర్‌బీఎస్ ఉదంతం చూడాలి. దాని విశాల దృష్టి రేడియోమీటర్లు 1980ల కంటే 1990ల్లో ఉష్ణమండల ఓఎల్‌ఆర్ 3.1 వాట్లు పెరిగిందని చూపించాయి. నమూనాలేవీ దాన్ని వివరించలేకపోయాయి, పెద్ద చర్చే జరిగింది. తర్వాత తేలిందేమంటే, ఉపగ్రహం ఎత్తు 15 ఏళ్లలో 611 కిలోమీటర్ల నుంచి 585కు దిగింది. భూమికి దగ్గరైన కొద్దీ పరికరం మీద పడే వికిరణం పెరుగుతుంది, ఆ 26 కిలోమీటర్ల వల్లే 0.75 శాతం పెరుగుతుంది. ఎత్తును సరిదిద్దాక 2006లో వచ్చిన సంఖ్య 0.7 వాట్లు.

ఇదే జ్యామితి మీకూ పనికొస్తుంది. 'వాతావరణం పైఅంచు' అంటే ఏ ఎత్తు? సెరీస్‌లో 20 కిలోమీటర్లు తీసుకుంటారు. అదే శక్తిని సముద్రమట్టం వైశాల్యంతో భాగిస్తే 0.6 శాతం, అంటే 1.5 వాట్లు ఎక్కువ వస్తుంది. రెండు డేటాసెట్ల మధ్య వాటున్నర తేడా కనిపిస్తే ముందు ఈ నిర్వచనం చూడండి.

మీ పనికి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. కౌంట్లను (ఉపగ్రహం పంపే ముడి అంకెలను) రేడియన్స్‌గా మార్చేటప్పుడు, ఉపగ్రహాల కాలిబ్రేషన్‌ను సరిపోల్చే అంతర్జాతీయ బృందం జీసిక్స్ వాళ్లు ఇచ్చే దిద్దుబాటు మీ ఉపగ్రహానికి దొరుకుతుందేమో చూస్తాను. వాళ్లు భూస్థిర ఇమేజర్లను ఐయాసీ లాంటి నిలకడైన పరికరాలతో పోలుస్తారు. 290 కెల్విన్ దగ్గర ఒక కెల్విన్ తప్పు 2.4 వాట్లకు సమానం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. స్థానిక అర్ధరాత్రి చుట్టూ చిత్రాలను విడిగా పరిశీలిస్తాను, ఆ వేళ సూర్యకాంతి పరికరం లోపలికి పడి కాలిబ్రేషన్ చెదిరే అవకాశం ఉంది. తర్వాత సెరీస్ ఫుట్‌ప్రింట్ (ఒక్కో కొలత కప్పే నేల భాగం) స్థాయి డేటాతో జతలు కడతాను: సమయంలో పది నిమిషాల్లోపు, చూసే కోణంలో ఐదు డిగ్రీల్లోపు. నిలువున సెరీస్ ఫుట్‌ప్రింట్ 20 కిలోమీటర్లు, మీ పిక్సెల్ బహుశా 4. కాబట్టి మీ పిక్సెళ్లను ఒక్కొక్కటిగా ఫ్లక్స్‌గా మార్చి, ఆ ఫుట్‌ప్రింట్ మీద సగటు చేసి పోల్చాలి. కొన్ని నెలలతో గుణకాలు అమర్చి, వేరే ఋతువులోని నెలలతో పరీక్షిస్తాను.

పరీక్షలో మొత్తం సగటు తేడా ఒక్కటే చూసి సంతోషపడొద్దు. మేఘాల్లేని సముద్రం, ఎడారి పగలు, ఎడారి రాత్రి, పలచని సిర్రస్, లోతైన ఉరుముల మేఘం, వీటికి విడివిడిగా తేడాలు రాయండి. ఎక్కువ, తక్కువలు కొట్టేసుకుని సగటు సున్నాకు రావడం చాలా సులువు. ఎడారి పగలు తేడా ఎక్కువగా ఉంటుందని ముందే అనుకోండి. అక్కడ నేల గాలి కంటే ఎంతో వేడెక్కుతుంది, మామూలు ఉష్ణోగ్రతల పొందికకు అమర్చిన సూత్రం దాన్ని ఊహించలేదు.

అసలు సొంతంగా తీయాలా అన్నది మీ అవసరం మీద ఉంది. ఉష్ణమండల మేఘాల కదలిక, ఎమ్‌జేఓ (ఉష్ణమండలంలో తూర్పుకు కదిలే పెద్ద మేఘాల అల) లాంటివి చూడాలంటే నోవా రోజువారీ డేటా చాలు, ఆ సంకేతం పదుల వాట్లలో ఉంటుంది, పది వాట్ల పొరపాటు దాన్ని చెరపలేదు. శక్తి లెక్క, దీర్ఘకాల మార్పు కావాలంటే ఈబాఫ్ తప్ప మరో దారి చూడకండి. 2022 ఏప్రిల్ నుంచి అది నోవా-20 మీద నడుస్తోంది, టెర్రా, ఆక్వా కక్ష్యలు జరగడం మొదలైంది కనుక. గంటగంటకూ కావాలంటే సెరీస్ సిన్ డేటా. అంతకంటే చిన్న ప్రాంతం, చిన్న సమయం, ఒక తుఫాను లోపలి మార్పు లాంటిది కావాలనుకుంటేనే మీరు చేస్తున్న శ్రమకు పూర్తి ఫలితం.

పోలిక కోసం ఈఆర్‌ఏ5 (కొలతలనూ నమూనానూ కలిపి కట్టిన యూరప్ వాతావరణ డేటా) తీసుకుంటే రెండు జాగ్రత్తలు. అందులో ఓఎల్‌ఆర్ గంటలో కూడబడిన జూళ్లుగా ఉంటుంది, 3600తో భాగిస్తేనే వాట్లు. కిందికి వచ్చేది ధనాత్మకం అన్న నియమం వల్ల గుర్తు రుణాత్మకంగా ఉంటుంది. పైగా అది నమూనా లెక్కగట్టిన ఓఎల్‌ఆర్, మేఘాలు నమూనా పెట్టిన చోట ఉంటాయి. ఏ గుణకాలనూ దానికి అమర్చకండి, పక్కన పెట్టి చూడ్డానికి మాత్రం వాడండి.

మీ పిక్సెళ్ల చూసే కోణాలు, నీటి ఆవిరి ఛానల్ ఉష్ణోగ్రతలు ఉంటే ఇక్కడ పెట్టండి. ముందుగా 53 డిగ్రీల చుట్టూ ఉన్నవి ఏరి, పై సూత్రంతో ఎంత వస్తోందో చూద్దాం.